పాత స్విఫ్ట్ డీజిల్, పొద్దున్నే గరగర శబ్దం: ఇంజిన్ దింపించాలా?

ప్రశ్న: అన్నా, మాది తణుకు. నాలుగు నెలల కింద కార్ కన్సల్టెన్సీలో 2014 మోడల్ స్విఫ్ట్ డీజిల్ కొన్నాను, అప్పటికి రీడింగ్ 1,12,000. చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇంజిన్ చాలా సైలెంట్‌గా ఉంది. ఓ నెల నుంచి పొద్దున్నే ఫస్ట్ స్టార్ట్ చేయగానే గరగరమని ఇనప శబ్దం వస్తుంది, మొదట్లో రెండు మూడు సెకన్లలో ఆగిపోయేది, ఇప్పుడు పది సెకన్ల దాకా ఉంటుంది. వేడెక్కాక ఆ శబ్దం ఉండదు గానీ ఐడిల్‌లో సన్నగా టక్ టక్ అని వినపడుతుంది. ముగ్గురు మెకానిక్‌లకి చూపించాను. ఒకాయన ట్యాపెట్ సెట్టింగ్ చేస్తే పోద్ది అన్నాడు, ఇంకొకాయన టైమింగ్ చైన్ అన్నాడు, మూడో ఆయన బోర్ పోయింది, ఇంజిన్ దింపాలి, 80 వేలు అవుద్ది అన్నాడు. నాన్నగారు అమ్మేయమంటున్నారు. వచ్చే నెల అమ్మానాన్నల్ని తీసుకుని ఈ కార్లోనే తిరుపతి వెళ్దామనుకున్నాం. ఎవరి మాట నమ్మాలన్నా?

సమాధానం:

తమ్ముడూ, ముందు మీరు అడిగినదానికి సూటిగా చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఇంజిన్ ఇప్పుడు దింపించొద్దు, మీరు రాసినదాంట్లో బోర్ (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) పోయిందనడానికి ఒక్క గుర్తు కూడా లేదు. అలాగని తిరుపతి కూడా ఈ బండిలో వెళ్ళొద్దండి, టైమింగ్ చైన్ (కింద తిరిగే క్రాంక్‌నీ, పైన వాల్వుల్ని తెరిచే క్యామ్‌నీ జోడు తప్పకుండా తిప్పే గొలుసు) సంగతి తేలేదాకా వద్దు. పోనూ రానూ వెయ్యి కిలోమీటర్లు, పైగా పెద్దవాళ్ళు ఉంటారు, హైవే మీద స్పీడ్‌లో ఉండగా ఆ చైన్ జారిందంటే ఇంజిన్ అక్కడికక్కడే ఆగిపోద్ది, ఆ తర్వాత నిజంగానే దింపాల్సిన పరిస్థితి వస్తుంది. ట్రైన్‌కి బుక్ చేసుకోండి, లేదంటే వేరే బండి మాట్లాడుకోండి. అమ్మే విషయం కూడా ఇప్పుడే తేల్చుకోవద్దు, శబ్దం ఉన్న బండికి వచ్చే రేటు ఎంత తక్కువ ఉంటుందో మీకు తెలిసిందే కదా, ముందు జబ్బేంటో తెలిస్తే అప్పుడు అమ్మాలా ఉంచుకోవాలా అనేది లెక్క వేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. ముగ్గురూ మూడు రకాలుగా ఎందుకు చెప్పారు అనేది ఆలోచించండి. మీరు పొద్దున్నే ఇంట్లో స్టార్ట్ చేసుకుని, నడుపుకుంటూ షెడ్డుకి వెళ్ళుంటారు, వాళ్ళ చేతికి బండి వచ్చేసరికి ఇంజిన్ వేడెక్కిపోయి ఉంటుంది. అంటే మీరు భయపడుతున్న ఆ గరగర శబ్దం ముగ్గురిలో ఒక్కరు కూడా వినలేదు. వాళ్ళు విన్నది ఐడిల్‌లో వచ్చే టక్ టక్ మాత్రమే, దాన్ని పట్టుకుని ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. కాబట్టి మొదటి పని ఏంటంటే, నమ్మకమున్న షెడ్డులో సాయంత్రం బండి పెట్టేసి రండి, రాత్రంతా అక్కడే ఉండనివ్వండి, పొద్దున్నే మీరు వెళ్ళి, మెకానిక్ బోనెట్ దగ్గర నిలబడ్డాకే, ఆయన వింటుండగా మొదటిసారి స్టార్ట్ చేయండి. కుర్రాళ్ళు ముందే స్టార్ట్ చేసి పక్కన పెట్టకుండా తాళం మీ దగ్గరే ఉంచుకోండి. ఇది అన్నిటికంటే ముఖ్యం, ఇది చేయకుండా ఎవరు ఏ రేటు చెప్పినా ఒప్పుకోవద్దు.

ఇంజిన్ శబ్దాల విషయంలో నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, శబ్దం ఎలా ఉంది అనేదానికంటే ఎప్పుడు వస్తుంది అనేది ఎక్కువ చెప్తుంది. టక్ టక్, గరగర, కటకట అని మనం రాసుకునే మాటలు ఒక్కొక్కరికి ఒక్కోలా వినపడతాయి, కానీ చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా, ఐడిల్‌లోనా ఎక్కిలేటర్ ఇచ్చినప్పుడా వదిలినప్పుడా, క్లచ్ తొక్కితే మారుతుందా, ఏసీ వేస్తే మారుతుందా, బండి కదులుతున్నప్పుడేనా నిలబడి ఉన్నా వస్తుందా, వీటికి మాత్రం ఎవరు విన్నా ఒకే జవాబు వస్తుంది. మీరు తెలియకుండానే ఆ పని సగం చేసేశారు: రాత్రంతా ఆగాక మొదటి స్టార్ట్‌లోనే వస్తుంది, కాసేపటికి పోతుంది, రోజులు గడిచేకొద్దీ ఆ కాసేపు పెరుగుతోంది. ఈ మూడూ కలిపి చూస్తే రెండో మెకానిక్ చెప్పిందే దగ్గరగా ఉంది.

ఎందుకో చెప్తాను, కొంచెం ఓపికగా చదవండి. మీ బండిలో ఉన్నది ఫియట్ డిజైన్ చేసిన 1248 సీసీ మల్టీజెట్ ఇంజిన్, మారుతి వాళ్ళు దాన్ని డీడీఐఎస్ పేరుతో స్విఫ్ట్‌లో 2007 నుంచి ఇచ్చారు, డిజైర్, రిట్జ్, ఎర్టిగా, సియాజ్, బ్రెజా అన్నిటిలో ఇదే, టాటా విస్టాలో క్వాడ్రాజెట్ పేరుతో ఉన్నదీ ఇదే, ఫియట్ పుంటో, లీనియాల్లో సరేసరి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ ఆపేసింది గానీ అప్పటికి లక్షల బండ్లు రోడ్డు మీదకి వచ్చేశాయి, అందుకే దీని పని తెలిసినవాళ్ళు, పార్టులు ఇప్పటికీ మన దగ్గర బాగా దొరుకుతాయి, ఆ విషయంలో మీరు అదృష్టవంతులే. మంచి ఇంజిన్, ఆయిల్ టైమ్‌కి మారిస్తే రెండు లక్షల కిలోమీటర్లు దాటినవి టాక్సీల్లో ఎన్నో ఉన్నాయి. కానీ ఆయిల్ విషయంలో అశ్రద్ధ చేస్తే ఇది అస్సలు క్షమించదు.

దీంట్లో టైమింగ్‌కి బెల్టు ఉండదు, చైన్ ఉంటుంది. ఆ చైన్‌ని బిగువుగా పట్టి ఉంచేది ఒక టెన్షనర్, అది పనిచేసేది ఇంజిన్ ఆయిల్ ప్రెషర్‌తో. రాత్రంతా బండి ఆగి ఉంటే పైన ఉన్న ఆయిల్ మెల్లగా కిందికి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి దిగిపోతుంది, పొద్దున్నే స్టార్ట్ చేయగానే పంపు మళ్ళీ ఆయిల్‌ని పైకి తోసి టెన్షనర్‌ని నింపేదాకా ఒకటి రెండు సెకన్లు చైన్ కొంచెం వదులుగా తిరుగుతుంది. చైన్ కొత్తగా ఉంటే ఆ వదులు మనకి వినపడదు. చైన్ సాగిపోయి ఉన్నా, అది రాసుకుంటూ తిరిగే గైడ్లు అరిగిపోయి ఉన్నా, టెన్షనర్ బలం పోయినా, ఆయిల్ తక్కువై పైకి రావడం ఆలస్యమైనా ఆ కొద్ది సెకన్లూ చైన్ గైడ్లకి కొట్టుకుంటూ గరగరమంటుంది. మీకు రెండు సెకన్ల నుంచి పది సెకన్లకి పెరిగింది అంటే అది బాగోలేదు, రెండు సెకన్ల దగ్గరే ఆగి ఉంటే నేను ఇంత కంగారు పెట్టేవాడిని కాదు.

అయినా సరే రేపే చైన్ కిట్ కొనేయమని నేను చెప్పను. ముందు ఆయిల్ చూడాలి, ఎందుకంటే ఇదే శబ్దం ఒక్క ఆయిల్ లోపం వల్ల కూడా వస్తుంది, అది తీరితే శబ్దం మొత్తం పోయిన బండ్లు కూడా ఉన్నాయి. బండిని సమంగా ఉన్న చోట ఆపి, ఇంజిన్ ఆపాక ఓ పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి తీసి చూడండి. డీజిల్ ఇంజిన్ ఆయిల్ వేసిన కొద్ది రోజులకే నల్లగా అయిపోతుంది, ఆ నలుపు చూసి ఆయిల్ పాడైందని ఎవరన్నా అంటే పట్టించుకోవద్దు, రంగుతో ఏమీ తెలియదు. లెవెల్ రెండు గీతల మధ్య ఉందా? కిందికి ఉంటే అదే మొదటి అనుమానం. పై గీత దాటి ఉన్నా మంచిది కాదు, ఎక్కువైన ఆయిల్‌ని క్రాంక్ చిలికేసి నురగ చేస్తుంది, నురగలో గాలి ఉంటుంది కాబట్టి టెన్షనర్‌కి, లిఫ్టర్లకి (వాల్వుల దగ్గర గ్యాప్ సర్దే భాగాలు) సరైన ప్రెషర్ అందదు. వాసన చూడండి, డీజిల్ వాసన గట్టిగా వస్తూ లెవెల్ కూడా పెరుగుతుంటే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ దగ్గర నుంచో మరెక్కడి నుంచో డీజిల్ లోపలికి దిగుతోందని అర్థం. వేళ్ళ మధ్య రుద్ది ఎండలో చూడండి, మెరుపు పొడిలాగా కనపడితే బండి ఇంక స్టార్ట్ చేయొద్దు, లోపల ఇనుము అరుగుతోంది. పాలమీగడ రంగులో జిగటగా ఉంటే కూలెంట్ కలిసింది.

కొన్నాక మీరు ఆయిల్ మార్చారా లేదా అనేది రాయలేదు. మార్చకపోతే ఆ కన్సల్టెన్సీ వాళ్ళు ఏం పోశారో దేవుడికే తెలియాలి. అమ్మే ముందు చిక్కటి ఆయిల్ పోసి శబ్దం అణిచేయడం సెకండ్ హ్యాండ్ మార్కెట్లో చాలా పాత పద్ధతి. 20డబ్ల్యూ-50 లాంటిది పోస్తే వేడి మీద ఉన్నప్పుడు ఇంజిన్ మెత్తగా వినపడుతుంది, కానీ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఆ చిక్కటి ఆయిల్ పైకి ఎక్కడానికి ఇంకా ఆలస్యమవుతుంది, అంటే మీ చైన్‌కి ఇంకా హాని. ఈ ఇంజిన్‌కి పల్చటి సింథటిక్ ఆయిలే వేయాలి, 5డబ్ల్యూ-30 అయినా 5డబ్ల్యూ-40 అయినా డీజిల్ ఇంజిన్‌కి పనికొచ్చే గ్రేడ్ చూసుకుని, మూడు లీటర్ల పైన కొద్దిగా పడుతుంది. ఫిల్టర్ మాత్రం ఒరిజినలే కొనండి, దయచేసి అక్కడ వంద రెండొందలకి చూసుకోవద్దు, నాసిరకం ఫిల్టర్ పేపర్ మూసుకుపోయినా చినిగినా పై దాకా సరైన ఆయిల్ వెళ్ళదు. పాత ఫిల్టర్‌ని పారేయనివ్వకండి, దాని పేపర్ మడతలు విప్పి చూడమనండి, ఇనప రజను గానీ ప్లాస్టిక్ ముక్కలు గానీ దొరికితే అదే పెద్ద సాక్ష్యం. నల్లటి ప్లాస్టిక్ ముక్కలంటే దాదాపుగా చైన్ గైడ్ విరుగుతోందనే.

ఫ్లష్ అని ఒక డబ్బా పోసి పది నిమిషాలు రన్ చేస్తామంటారు, ఒప్పుకోవద్దు. లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడి కింద చాంబర్‌లో ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడిందంటే ఉన్న ప్రెషర్ కూడా పోతుంది. దానికంటే ఇప్పుడు ఒకసారి ఆయిల్ మార్చి, రెండు మూడు వేల కిలోమీటర్లకే మళ్ళీ ఒకసారి మార్చడం మేలు, మెల్లగా శుభ్రం అవుతుంది. శబ్దం తగ్గించే మందులని షాపుల్లో సీసాలు అమ్ముతారు, వాటితో కూడా ఏ జబ్బూ పోదు, మనకి వినపడకుండా పోతుంది అంతే, అది ఇంకా ప్రమాదం.

ఆయిల్, ఫిల్టర్ మార్చాక ఒక రాత్రి ఆపి మళ్ళీ పొద్దున్నే వినండి. శబ్దం పోయిందా, మంచిది, ఓ వారం గమనించండి. పోలేదు అంటే తర్వాత మెట్టు ఆయిల్ ప్రెషర్ గేజ్ పెట్టి చూడటం. ఆయిల్ లైట్ స్విచ్ ఉన్న చోట దాన్ని తీసి గేజ్ బిగించి, చల్లగా ఉన్నప్పుడు, వేడెక్కాక ఐడిల్‌లో, తర్వాత రేస్ చేసి మూడుసార్లు కొలుస్తారు. ఇది పెద్ద ఖర్చు ఉన్న పని కాదు, కానీ అడగకపోతే ఎవరూ చేయరు. ప్రెషర్ తక్కువుంటే చాంబర్ విప్పి జాలీ శుభ్రం చేయించడం, పంపు చూడటం, ప్రెషర్ బాగానే ఉండి శబ్దం మాత్రం ఉంటే అప్పుడు చైన్, టెన్షనర్, గైడ్లే. ప్రెషర్ తక్కువుండగా చైన్ మార్చేస్తే కొత్త చైన్ కూడా అదే దారి పడుతుంది, డబ్బులు పోయి శబ్దం మిగులుతుంది, అందుకే ఈ వరస మార్చొద్దు అంటున్నాను. స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే పరికరం) పెట్టించినప్పుడు క్యామ్, క్రాంక్ సింక్ తప్పినట్టు ఏమైనా కోడ్ ఉందేమో కూడా చూడమనండి, ఉంటే చైన్ ఇప్పటికే సాగిందని గట్టి ఆధారం, లేకపోతే మాత్రం చైన్ బాగుందని అనుకోవద్దు.

ఇప్పుడు ఆ రెండో శబ్దం, వేడెక్కాక వచ్చే టక్ టక్. ట్యాపెట్ సెట్టింగ్ చేస్తానన్న మెకానిక్ గురించి ఒక మాట చెప్పాలి, ఈ ఇంజిన్‌లో సెట్టింగ్ చేయడానికి ట్యాపెట్లే లేవు. పాత అంబాసిడర్‌కి, జీపుకి, ఇప్పటికీ కొన్ని బండ్లకి స్క్రూ తిప్పి ఫీలర్ గేజ్‌తో వాల్వుల దగ్గర గ్యాప్ పెడతారు, ఈ మల్టీజెట్‌లో హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉంటాయి, ఆయిల్ ప్రెషర్‌తో గ్యాప్ తనంతట తనే సర్దుకుంటుంది. ఆయన మంచివాడే అయ్యుండొచ్చు, చేయి తిరిగినవాడే అయ్యుండొచ్చు, కానీ ఈ ఇంజిన్ విప్పిన అనుభవం మాత్రం ఆయనకి లేదు, అందుకని ఈ పని ఆయనకి ఇవ్వొద్దు. లిఫ్టర్ శబ్దమే అయితే అది కూడా ఆయిల్ మారిస్తే చాలాసార్లు తగ్గుతుంది.

కానీ డీజిల్ బండిలో ఐడిల్ టక్ టక్‌కి ఎక్కువ కారణం ఇంజెక్టర్లు. నాలుగింట్లో ఒకటి డీజిల్ ఎక్కువగానో ముందుగానో కొడుతుంటే ఆ సిలిండర్ ఒక్కటే గట్టిగా కొట్టినట్టు వినపడుతుంది. వాల్వులు, ఇంజెక్టర్లు రెండూ క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి పనిచేసేవే కాబట్టి టక్ టక్ వేగం చూసి ఇదా అదా అని చెప్పడం కుదరదు, స్కానర్‌లో ఇంజెక్టర్ కరెక్షన్ విలువలు (ఒక్కోదానికి కంప్యూటర్ డీజిల్ ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకెలు) చూడమనండి, ఒకటి మిగతా మూడిటికి దూరంగా ఉంటే దొంగ దొరికినట్టే, తర్వాత రిటర్న్ లీక్ టెస్ట్ (ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కి వచ్చే డీజిల్ కొలవడం) చేసి ఖాయం చేసుకోవచ్చు. టక్ టక్‌తో పాటు చుస్ చుస్ అని గాలి పోతున్న శబ్దం ఉండి, ఇంజెక్టర్ మొదట్లో నల్లగా తారులాంటిది పేరుకుని ఉంటే దాని కింద రాగి వాషర్ పోయింది, అది చిన్న పనే గానీ ఆలస్యం చేస్తే ఇంజెక్టర్ లోపలే పట్టేసి తీయడం నరకమవుతుంది. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నా, పాత డీజిల్ ఇంజిన్లకి చేసినట్టు రన్నింగ్‌లో ఉండగా ఇంజెక్టర్ పైపు నట్టు లూజ్ చేసి వినడం దీనికి ఎవర్నీ చేయనివ్వకండి, మీరసలే చేయకండి. కామన్ రైల్‌లో (ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే పైపు) ప్రెషర్ ఐడిల్‌లోనే వందల బార్ ఉంటుంది, బరువు మీద వెయ్యి బార్ కూడా దాటుతుంది, సన్నటి ధార చర్మం లోపలికి దూసుకుపోతుంది, చేయి తీసేయాల్సిన పరిస్థితి రావొచ్చు.

ఇక బోర్ సంగతి. బోరూ రింగులూ పోయాయి అంటే శబ్దం కంటే ముందు వేరేవి చెప్తాయి: ఆయిల్ తాగుతుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ, పికప్ పోతుంది, పొద్దున్నే స్టార్ట్ అవ్వడానికి మొరాయిస్తుంది. ఇవేవీ మీరు రాయలేదు. మీరే ఒకటి చూసుకోవచ్చు, ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి అక్కడే బోర్లించి పెట్టండి, కొంచెం ఆవిరి, కొద్దిగా కదలిక మామూలే, మూతని ఎగరేసేంత గాలి గుప్పుగుప్పున కొడుతూ పొగ వస్తుంటే అప్పుడు అనుమానించాలి. అప్పుడైనా గ్లో ప్లగ్ తీసి డీజిల్ గేజ్‌తో నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ కొలిచి, ఆ అంకెలు కాగితం మీద రాసిచ్చాకే ఇంజిన్ దింపే మాట. చెవితో విని 80 వేల పని చెప్పడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే మామూలు జీతం ఉన్నవాళ్ళు నెలల తరబడి కూడబెట్టిన డబ్బు అది, పైగా ఒకసారి ఇంజిన్ విప్పాక పాత శబ్దం ఎక్కడిదో చెప్పే ఆధారం ఇంక ఉండదు.

ఇంజిన్ బయట ఉన్నవాటిని కూడా ఓసారి తీసేయాలి లెక్కలోంచి, వీటిని చూసుకోవడం పెద్ద ఖర్చు కాదు. న్యూట్రల్‌లో క్లచ్ వదిలేసి ఉన్నప్పుడు శబ్దం ఉండి, తొక్కితే పోయిందంటే గేర్‌బాక్స్ బేరింగ్ వైపు చూడాలి, తొక్కినప్పుడే వస్తే క్లచ్ రిలీజ్ బేరింగ్. ఏసీ వేస్తే వచ్చి ఆపితే పోతే కంప్రెసర్. ఇంజిన్ ఆపేసిన క్షణంలో గరక్ మంటే ఆల్టర్నేటర్ పుల్లీ. ఫలానా స్పీడ్ దగ్గర మాత్రమే రేకు శబ్దం వస్తే సైలెన్సర్ పైన ఉండే హీట్ షీల్డ్ లూజయ్యుంటుంది, చల్లారాక చేత్తో తట్టితే తెలిసిపోద్ది. పక్కనుండే బెల్ట్ తీసేసి అర నిమిషం మాత్రం స్టార్ట్ చేసి వింటే ఆల్టర్నేటర్, కంప్రెసర్, వాటర్ పంపు, ఐడ్లర్ పుల్లీ అన్నీ ఒకేసారి తేలిపోతాయి, వాటర్ పంపు తిరగదు కాబట్టి అంతకంటే ఎక్కువసేపు రన్ చేయకూడదు. ఇది మెకానిక్ చేతే చేయించండి. పొడుగు స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి వినే పద్ధతి పనిచేస్తుంది గానీ బెల్ట్, ఫ్యాన్ పక్కనే ఉంటాయి, లుంగీ, కండువా, చేతికి వదులు వాచీ ఉంటే దగ్గరికి పోవద్దు, ఫ్యాన్ ఎప్పుడు తిరగడం మొదలెడుతుందో తెలియదు. మెకానిక్‌ల స్టెతస్కోప్ ఆన్‌లైన్‌లో తక్కువకే దొరుకుతుంది, చైన్ కవర్ మీద, ఒక్కో ఇంజెక్టర్ మీద, ఆల్టర్నేటర్ మీద ఒక్కోచోట పెట్టి పోల్చుకుంటే ఎక్కడ గట్టిగా ఉందో మీకే అర్థమవుతుంది.

ఒకే ఒక్క శబ్దానికి మాత్రం ఏ టెస్టులూ వద్దు, వెంటనే ఆపేయడమే. ఇంజిన్ కింది భాగం నుంచి లోతుగా డబ్ డబ్‌మని, వేడెక్కేకొద్దీ పెరుగుతూ, బరువు మీద ఎక్కిలేటర్ ఇచ్చినప్పుడు ఇంకా గట్టిగా కొడితే అది కనెక్టింగ్ రాడ్ బేరింగ్. ఐడిల్‌లో ఎర్ర ఆయిల్ లైట్ మిణుకుమన్నా అంతే. ఇంటికి దగ్గరే కదా, మెల్లగా పోదాం అనుకోవద్దు, అక్కడే పక్కకి తీసి టోయింగ్ పిలవండి.

చైన్ అని తేలితే ఎలా చేయించాలో కూడా చెప్పేస్తా. చైన్ ఒక్కటే మార్చి టెన్షనర్, గైడ్లు పాతవే ఉంచుతామంటే వద్దు, స్ప్రాకెట్లతో (చైన్ తిరిగే పళ్ళ చక్రాలు) సహా పూర్తి కిట్ వేయించండి, లేబర్ ఎలాగూ ఒకటే. ఇది పిస్టన్, వాల్వు ఒకదాని దారిలో ఒకటి ఉండే ఇంజిన్, చైన్ ఒకట్రెండు పళ్ళు జారినా వాల్వులు వంగుతాయి, రాకర్లు విరుగుతాయి, అందుకని క్యామ్, క్రాంక్ లాక్ చేసే టూల్స్ ఉన్న మెకానిక్ దగ్గరే చేయించాలి, పెయింట్‌తో గుర్తు పెట్టుకుని చేస్తాననేవాళ్ళకి ఇవ్వొద్దు. మీకు విజయవాడ ఆటోనగర్ దూరమేమీ కాదు, ఈ ఇంజిన్ పనే రోజూ చేసేవాళ్ళు అక్కడ దొరుకుతారు, వెళ్ళేటప్పుడు మాత్రం బండి నడుపుకుంటూ వెళ్ళకుండా, శబ్దం ఇంతగా పెరిగింది కాబట్టి, లారీ మీద ఎక్కించుకుని వెళ్ళడమే మంచిది, అలా కుదరకపోతే తణుకు, భీమవరం, తాడేపల్లిగూడెంలోనే మారుతి డీజిల్ బాగా చూసే వాళ్ళని అడిగి పట్టుకోండి. తీసిన పాత పార్టులన్నీ ఇంటికి తెచ్చుకోండి, కొత్త చైన్ పక్కన పాతది వేలాడదీస్తే సాగిందో లేదో మీ కంటికే కనపడుతుంది, గైడ్ల మీద గాడులు పడ్డాయో లేదో కూడా చూడండి. బిల్లులో పార్ట్ నంబర్లు రాయించుకోండి. ఈ పని ఖర్చు ఊరిని బట్టి, పార్టుని బట్టి మారుతుంది గానీ ఆ 80 వేలలో చిన్న భాగమే అవుతుంది.

చివరగా ఆ కన్సల్టెన్సీ వాళ్ళ సంగతి. చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇంజిన్ సైలెంట్‌గా ఉంది అన్నారు, బోనెట్ మీద చెయ్యి పెట్టి చూసుంటే అప్పటికే వెచ్చగా ఉండేదేమో, బండి స్టార్ట్ చేసి రెడీగా పెట్టాం సార్ అనేది ఇలాంటి చోట్ల మామూలే. రీడింగ్ కూడా నమ్మాల్సిన పని లేదు. మారుతి సర్వీస్ సెంటర్‌కి బండి ఆర్సీ తీసుకెళ్ళి సర్వీస్ హిస్టరీ అడగండి, ఆఖరిసారి అక్కడికి వచ్చినప్పుడు ఎన్ని కిలోమీటర్లు ఉందో, ఆయిల్ ఏ గ్యాప్‌లో మార్చారో తెలుస్తుంది, పది వేలకోసారి మారాల్సిన ఆయిల్ ఇరవై వేలకి మారి ఉంటే చైన్ ఎందుకు అరిగిందో అడగక్కర్లేదు. ఆ రీడింగ్ మీరు కొన్న 1,12,000 కంటే ఎక్కువ ఉందంటే మీటర్ వెనక్కి తిప్పారన్నమాట, ఆ ప్రింట్ జాగ్రత్తగా దాచుకోండి. కొన్నప్పుడు ఇచ్చిన కాగితంలో ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ అని ఏమన్నా రాసి ఉందేమో వెతకండి, కొంతమంది ఆరు నెలలు రాసిస్తారు, అదే ఉంటే మీరు ఇంకా గడువులోనే ఉన్నారు, అందుకే ఇంజిన్ ఎవరితోనూ విప్పించక ముందే వాళ్ళకి వాట్సాప్‌లో వీడియోతో సహా రాతపూర్వకంగా చెప్పండి, బయట విప్పించేశాక చెప్తే వారంటీ పోయింది అంటారు. వీడియో పొద్దున్నే మొదటి స్టార్ట్‌దే అయ్యుండాలి, బోనెట్ తెరిచి ఒక గజం దూరం నుంచి తీయండి, ఇంకొకటి లోపల మీటర్ బోర్డు, కిలోమీటర్లు, ఆయిల్ లైట్ కనపడేలా తీయండి. వాళ్ళు పట్టించుకోకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టండి, డబ్బు తీసుకుని బండ్లు అమ్మే వ్యాపారి కాబట్టి వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళే దారి కూడా మీకు ఉంది. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి, ఇలా అరిగిపోయిన దానికి మామూలు పాలసీ రూపాయి కూడా ఇవ్వదు.

ఆ రెండు వీడియోలు, డిప్‌స్టిక్ ఫోటో, స్కానర్ రిపోర్ట్ వచ్చాక నాకూ పంపండి, పనికి ఒప్పుకునే ముందే పంపండి, చూసి ఏం చేయాలో రాస్తాను.